రాష్ట్రపతి నిలయం: రూ.50తో బొల్లారం బంగ్లా చూసి రావచ్చు.. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరగకూడదంటే ఇవి తెలుసుకోవాల్సిందే

హైదరాబాద్‌లో చార్మినార్ చూశారు, గోల్కొండ ఎక్కారు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టడం కూడా చూశారు. మరి దేశ రాష్ట్రపతి వచ్చి బస చేసే ఇల్లు చూశారా? సికింద్రాబాద్ దాటాక బొల్లారంలో 90 ఎకరాల్లో ఉన్న రాష్ట్రపతి నిలయం ఇప్పుడు సామాన్యులకు కూడా తెరిచే ఉంటోంది. టికెట్ కూడా పెద్ద ఖరీదేం కాదు.

కానీ ఇక్కడే చాలామంది పొరపాటు పడుతున్నారు. సోమవారం వెళ్లి తాళం చూసేవాళ్లు, పండగ సెలవు కదా అని పిల్లల్ని తీసుకెళ్లి గేటు దగ్గరి నుంచే తిరిగొచ్చేవాళ్లు, సాయంత్రం నాలుగున్నరకు చేరుకుని ‘లోపలికి పంపరట’ అని ఉసూరుమనేవాళ్లు ఉంటారు. సెలవు దొరకడమే కష్టమైన ఇంట్లో ఒక ఆదివారం వృథా అయితే ఆ బాధ మామూలుగా ఉండదు. జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లకైతే డబ్బు, ఓపిక రెండూ పోతాయి.

అందుకే ఈ ఇంటి కథ ఏంటి? ఎప్పుడు వెళ్లాలి? ఎలా వెళ్లాలి? లోపల ఏం చూడాలి? పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తే ఎలా ప్లాన్ చేసుకోవాలి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

అసలు ఈ ఇల్లు ఎవరిది?

ఈ భవనం కట్టింది 1860లో. అప్పట్లో హైదరాబాద్ నిజాం పాలనలో ఉండేది. నిజాం దర్బారులో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధిగా ఒక అధికారి ఉండేవాడు. ఆయన్నే రెసిడెంట్ అనేవారు. రెసిడెంట్ అధికారిక భవనం కోఠిలో ఉండేది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంగణంలో ఎత్తైన స్తంభాలతో కనిపించేది ఆ భవనమే.

మరి బొల్లారంలో ఇంకో ఇల్లు ఎందుకు? సికింద్రాబాద్, బొల్లారం బ్రిటిష్ సైన్యం ఉన్న కంటోన్మెంట్ ప్రాంతాలు. నగరం రద్దీకి దూరంగా, చెట్ల మధ్య ఉన్న ఈ బంగ్లా రెసిడెంట్‌కు విడిదిగా ఉండేది. కోఠిది ఆఫీసు లాంటిదైతే, బొల్లారంది తోట బంగ్లా అన్నమాట.

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. ఆ తర్వాత ఈ భవనం రాష్ట్రపతి సచివాలయం చేతికి వచ్చింది. అప్పటి నుంచి దక్షిణాదిలో రాష్ట్రపతి విడిది ఇదే. ఏడాదికి ఒకసారైనా, సాధారణంగా డిసెంబర్‌లో, రాష్ట్రపతి ఇక్కడికి వచ్చి కొన్ని రోజులు ఉండి, ఇక్కడి నుంచే అధికారిక కార్యక్రమాలకు వెళ్లడం ఆనవాయితీ. ప్రస్తుత రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2022, 2023, 2024 డిసెంబర్‌లలో ఇక్కడ బస చేశారు.

అంటే ఇది ఖాళీగా వదిలేసిన పాత కోట కాదు. ఇప్పటికీ వాడుకలో ఉన్న ఇల్లు. సందర్శన నిబంధనలు చాలా వరకు ఇలా ఉండటానికి అసలు కారణం అదే. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

2023కి ముందు, ఆ తర్వాత

గతంలో ఈ నిలయం జనానికి అందేది ఏడాదిలో కొద్ది రోజులే. శీతాకాల విడిది ముగించుకుని రాష్ట్రపతి ఢిల్లీ వెళ్లాక, జనవరి ప్రాంతంలో దాదాపు రెండు వారాలు తోటలు చూడనిచ్చేవారు. ఆ రోజుల్లో కుదరకపోతే మళ్లీ ఏడాది ఆగాల్సిందే.

2023 మార్చి 22న, ఉగాది రోజున, ఈ పద్ధతి మారింది. రాష్ట్రపతి ముర్ము వర్చువల్‌గా పాల్గొని, ఇకపై ఏడాది పొడవునా సందర్శకులను అనుమతించే కార్యక్రమాన్ని ప్రారంభించారు. రాష్ట్రపతి బస చేసే రోజులకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంకో పెద్ద మార్పు ఏంటంటే, తోటలే కాదు, భవనం లోపలి భాగాలు కూడా చూసే వీలు కల్పించారు.

ఏ రోజుల్లో తెరిచి ఉంటుంది? టికెట్ ఎంత?

సందర్శన ప్రారంభించినప్పుడు ప్రకటించిన వివరాలు ఇవీ:

- తెరిచే రోజులు: మంగళవారం నుంచి ఆదివారం వరకు
- సమయం: ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు
- చివరి ఎంట్రీ: సాయంత్రం 4 గంటలకు
- సెలవు: సోమవారాలు, ప్రభుత్వ సెలవు రోజులు
- భారతీయులకు: ఒక్కొక్కరికి రూ.50
- విదేశీయులకు: ఒక్కొక్కరికి రూ.250

ఇందులో ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ‘ప్రభుత్వ సెలవు రోజులు’ దగ్గరే. మనకు సెలవు ఉన్న రోజే కదా వెళ్లాలనుకునేది! కానీ దసరా, దీపావళి, రిపబ్లిక్ డే లాంటి రోజుల్లో వాళ్లకూ సెలవే. పిల్లలకు దసరా, సంక్రాంతి సెలవులు ఉన్నప్పుడు ప్లాన్ చేస్తే పండగ రోజు కాకుండా దానికి ముందో వెనకో ఉన్న మామూలు రోజు ఎంచుకోవాలి. సోమవారం మాత్రం అస్సలు పెట్టుకోవద్దు.

రెండోది డిసెంబర్. హైదరాబాద్‌లో తిరగడానికి వాతావరణం చక్కగా ఉండే నెల అదే. రాష్ట్రపతి వచ్చేదీ ఆ నెలలోనే. బస రోజుల్లో సందర్శకులకు ప్రవేశం ఉండదు. తేదీలు ప్రతి ఏడాదీ మారుతుంటాయి. కాబట్టి డిసెంబర్‌లో వెళ్లాలనుకునేవాళ్లు బుకింగ్ పేజీలో ఆ తేదీకి స్లాట్ కనిపిస్తోందో లేదో చూసుకున్నాకే ప్రయాణం టికెట్లు తీసుకోవడం మంచిది.

బుకింగ్ ఎలా?

రెండు దారులున్నాయి.

ఒకటి ఆన్‌లైన్. రాష్ట్రపతి భవన్ సందర్శకుల అధికారిక వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవాలి. చిరునామా: విజిట్ డాట్ రాష్ట్రపతిభవన్ డాట్ జీఓవీ డాట్ ఇన్. అందులో ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌తో పాటు మిగతా రాష్ట్రపతి నివాసాల పేర్లు కూడా కనిపిస్తాయి. కంగారులో ఢిల్లీది నొక్కేయకుండా ‘రాష్ట్రపతి నిలయం, హైదరాబాద్’ అని ఉన్నదే ఎంచుకోవాలి. తేదీ, సమయం, వచ్చేవాళ్ల వివరాలు ఇచ్చి డబ్బు కడితే సరిపోతుంది. అక్కడ కనిపించే సమయాలు, రుసుము, పిల్లలకు సంబంధించిన నిబంధనలే ఫైనల్. వాట్సాప్‌లో తిరిగే పాత ఫార్వర్డ్‌లు నమ్ముకోవద్దు.

రెండోది నేరుగా వెళ్లడం. గేటు దగ్గర రిసెప్షన్‌లో అక్కడికక్కడే టికెట్ తీసుకునే ఏర్పాటు కూడా ప్రకటించారు. దగ్గర్లో ఉండేవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. కానీ కరీంనగర్ నుంచో, ఖమ్మం నుంచో, విజయవాడ నుంచో వచ్చేవాళ్లు, పది మందికి మించి గుంపుగా వచ్చేవాళ్లు ముందే స్లాట్ పెట్టుకోవడం సేఫ్.

ఇంకో మాట. బుకింగ్‌లో ఇచ్చిన పేరు, చేతిలో ఉన్న గుర్తింపు కార్డు మీద పేరు ఒకటే ఉండేలా చూసుకోండి. భద్రత ఉన్న చోటు కాబట్టి ప్రతి పెద్దవాళ్లూ ఆధార్ లాంటి ఒరిజినల్ కార్డు ఒకటి వెంట పెట్టుకోవడం మంచిది.

ఎలా వెళ్లాలి?

రాష్ట్రపతి నిలయం ఉన్నది రాజీవ్ రహదారి మీద, అంటే సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో. అల్వాల్, హకీంపేట వైపు వెళ్తుంటే బొల్లారం దగ్గర వస్తుంది.

నగరంలో ఉన్నవాళ్లు: మెట్రోలో జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడి నుంచి హకీంపేట, శామీర్‌పేట వైపు వెళ్లే సిటీ బస్సు గానీ ఆటో గానీ పట్టుకోవచ్చు.

కరీంనగర్, సిద్దిపేట వైపు నుంచి వచ్చేవాళ్లు: చాలామంది జేబీఎస్ దాకా వెళ్లి అక్కడి నుంచి ఆటోలో వెనక్కి వస్తుంటారు. ఆ అవసరం లేదు. ఆ బస్సులు వచ్చేదే రాజీవ్ రహదారి మీదుగా. జేబీఎస్ కంటే ముందే నిలయం తగులుతుంది. బస్సెక్కేటప్పుడే కండక్టర్‌ను అడిగి, ఎక్కడ ఆపుతారో తెలుసుకుంటే గంట సమయం, ఆటో డబ్బులు రెండూ మిగులుతాయి.

రైల్లో వచ్చేవాళ్లు: ఆంధ్రా వైపు నుంచి వచ్చే చాలా రైళ్లు సికింద్రాబాద్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి ఆటో లేదా క్యాబ్ సులువు. సికింద్రాబాద్-మేడ్చల్ లైన్‌లో బొల్లారం స్టేషన్ ఉంది కానీ, దిగాక నిలయం దాకా మళ్లీ ఆటో కావాలి.

సొంత బండిలో వచ్చేవాళ్లు: సందర్శకులకు పార్కింగ్ ఏర్పాటు ఉంది. అయితే రాజీవ్ రహదారి మీద ట్రాఫిక్‌ను తక్కువ అంచనా వేయొద్దు. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పనులు, మళ్లింపులు ఉంటే ప్రయాణం సమయం పెరుగుతుంది. బయల్దేరే ముందు మ్యాప్‌లో ఒకసారి చూసుకోండి.

లోపల ఏం చూడాలి?

ముందుగా భవనం. ఇది ఒకే అంతస్తు ఇల్లు. ఢిల్లీ రాష్ట్రపతి భవన్‌లా ఆకాశాన్నంటే గుమ్మటం ఇక్కడ ఉండదు. అలా ఊహించుకుని వెళ్తే నిరాశే. ఇది విశ్రాంతికి కట్టిన బంగ్లా కాబట్టి దాని అందం దానిదే. రాష్ట్రపతి ఉండే విభాగం, భోజనశాల లాంటి భాగాలను లోపలికి వెళ్లి చూడొచ్చు.

తర్వాత పిల్లలకు బాగా నచ్చేది సొరంగం! వంటగదికి, భోజనశాలకు మధ్య భూమి కింద నుంచి ఒక దారి ఉంది. వంట ఒక చోట, వడ్డన ఇంకో చోట. మధ్యలో వంటకాలు వెళ్లేది ఈ దారిలోంచే. ఒకప్పుడు పనివాళ్లు గిన్నెలు మోసుకుంటూ నడిచిన ఆ దారిలో ఇప్పుడు సందర్శకులు నడవొచ్చు.

ఆ గోడల మీద కనిపించేవి చేర్యాల బొమ్మలు. చేర్యాల ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని ఊరు. ఎర్రటి నేపథ్యం మీద, పెద్ద కళ్లతో, వరుసగా కథ చెప్పేలా వేయడం ఈ బొమ్మల ప్రత్యేకత. పూర్వం కథ చెప్పేవాళ్లు పొడవాటి గుడ్డ మీద వేసిన బొమ్మలను చుట్ట విప్పుతూ ఊరూరా కులపురాణాలు చెప్పేవారు. ఈ కళకు భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ కూడా ఉంది. సెల్ఫీ దిగి వెళ్లిపోకుండా రెండు నిమిషాలు ఆగి, బొమ్మలో ఏ కథ ఉందో పిల్లలతో చెప్పించండి.

ఆ తర్వాత నాలెడ్జ్ గ్యాలరీ. రాష్ట్రపతి భవన్, రాష్ట్రపతి నిలయం చరిత్ర, రాష్ట్రపతి బాధ్యతలు ఏంటి అనేవి ఇక్కడ వివరంగా ఉంటాయి. ఆవరణలో గుర్రపు బగ్గీ, లిమోసిన్ కారు ప్రదర్శనకు పెట్టారు. ఫొటోలు దిగేందుకు సెల్ఫీ పాయింట్లు కూడా ఉన్నాయి. స్కూలు పిల్లలు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇక్కడ కాస్త ఎక్కువ సేపు గడపొచ్చు.

బయట చూడాల్సింది జెండా స్తంభం. పాత చారిత్రక స్తంభానికి నమూనాగా 120 అడుగుల ఎత్తులో నిలబెట్టిన దీన్ని 2023 డిసెంబర్‌లో రాష్ట్రపతి ప్రారంభించారు. దీంతో పాటే మేజ్ గార్డెన్, పిల్లల పార్కు కూడా మొదలయ్యాయి. పాత మెట్ల బావులను సంప్రదాయ నీటిపారుదల పద్ధతితో సహా పునరుద్ధరించారు. ఇంత తోట కరెంటు మోటార్లు లేని రోజుల్లో ఎలా బతికిందో అర్థం కావాలంటే ఆ బావుల దగ్గర కాసేపు ఆగాల్సిందే.

తోటల్లో మిస్ కాకూడనివి

90 ఎకరాల్లో భవనం కొంచెమే, తోట ఎక్కువ. మామిడి, సపోటా, జామ, దానిమ్మ, ఉసిరి, కొబ్బరి చెట్లున్న పండ్ల తోటలు ఉన్నాయి. బటర్‌ఫ్లై గార్డెన్, రాక్ గార్డెన్, చెట్ల మధ్య నడిచే నేచర్ ట్రయిల్ ఉన్నాయి. వీటిలో మనవాళ్లకు బాగా దగ్గరయ్యేవి రెండు.

నక్షత్ర వనం: 27 నక్షత్రాలకు 27 చెట్లు. మన సంప్రదాయంలో ఒక్కో జన్మనక్షత్రానికి ఒక్కో చెట్టు చెబుతారు. భరణికి ఉసిరి, కృత్తికకు మేడి, రోహిణికి నేరేడు, పుష్యమికి రావి, మఖకు మర్రి.. ఇలా. ఇంట్లోవాళ్ల నక్షత్రాలు ముందే రాసుకుని వెళ్తే ఎవరి చెట్టు వాళ్లు వెతుక్కోవచ్చు. అమ్మమ్మకు, మనవడికి ఇద్దరికీ ఒకేసారి సరదాగా ఉండే చోటు ఇదే కావచ్చు. నమ్మకం ఉన్నా లేకపోయినా 27 రకాల చెట్లను ఆకు చూసి గుర్తుపట్టడం నేర్చుకున్నట్టే.

ఔషధ మొక్కల తోట: ఇందులో 116 రకాల ఔషధ, సుగంధ మొక్కలు ఉన్నాయి. సర్పగంధ, కలబంద, నిమ్మగడ్డి, వట్టివేరు, పసుపు, గంధం లాంటివి కనిపిస్తాయి. పేరు విన్నా మొక్క ఎలా ఉంటుందో తెలియనివి ఇక్కడ చాలానే ఉంటాయి. ఆకులు తుంచకూడదు, చూసి రావాలంతే.

తోటల్లో క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ చోటు వివరాలు వస్తాయి. కాబట్టి ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో, ఇయర్‌ఫోన్స్‌తో వెళ్లండి. గైడ్ సౌకర్యం కూడా ఉంది. రిసెప్షన్‌లో అడిగి తెలుసుకోవచ్చు.

ఎంత టైమ్ పెట్టుకోవాలి?

హడావిడి లేకుండా చూడాలంటే కనీసం రెండున్నర నుంచి మూడు గంటలు కావాలి. చివరి ఎంట్రీ నాలుగింటికి అంటే నాలుగింటికి వెళ్లొచ్చు అని కాదు. అప్పుడు వెళ్తే మిగిలేది గంటే. భవనం చూసేసరికే బయటికి రావాల్సి వస్తుంది.

ఉదయం స్లాట్ తీసుకుంటే ఇలా చేయొచ్చు:

- 10 గంటలకు: భవనం, సొరంగం
- 11 గంటలకు: నాలెడ్జ్ గ్యాలరీ, జెండా స్తంభం, మెట్ల బావులు
- 11:45కు: కెఫేలో కాసేపు విశ్రాంతి
- 12 గంటల తర్వాత: నక్షత్ర వనం, ఔషధ తోట, పిల్లల పార్కు

ఇది చలికాలం ప్లాన్. ఏప్రిల్, మే నెలల్లో అయితే దీన్ని తిరగేయండి. ఎండ ముదరక ముందే తోటలు చూసేసి, ఎండ పెరిగే వేళకు భవనంలోకి, గ్యాలరీలోకి వెళ్లాలి. వానాకాలంలో తోట పచ్చగా కళకళలాడుతుంది కానీ దారులు తడిగా ఉంటాయి. జారని చెప్పులు, గొడుగు తప్పనిసరి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలతో వెళ్తే?

వీల్‌చైర్, తాగునీరు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స, సామాన్లు పెట్టుకునే క్లోక్ రూమ్ సౌకర్యాలు ఉన్నాయి. వీల్‌చైర్ కావాలంటే లోపలికి వెళ్లాక కాదు, రిసెప్షన్‌లోనే అడగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు 90 ఎకరాలూ తిరగాలనుకోవద్దు. భవనం, గ్యాలరీ, నక్షత్ర వనం ఈ మూడూ చూస్తే చాలు. మిగతావాళ్లు తిరిగి వచ్చేదాకా కలుసుకునే చోటు ముందే అనుకోండి.

బీపీ, షుగర్ మందులు వేసుకునేవాళ్లు వాటిని క్లోక్ రూమ్‌లో వదిలేయకుండా దగ్గరే పెట్టుకోవాలి. పెద్ద బ్యాగులు అసలు తీసుకురాకపోతే చెకింగ్ త్వరగా అయిపోతుంది. ఊరి నుంచి సూట్‌కేసులతో నేరుగా వచ్చేవాళ్లు స్టేషన్ క్లోక్ రూమ్‌లోనో, బంధువుల ఇంట్లోనో పెట్టి రావడం మేలు. ఫొటోలు ఎక్కడ తీయొచ్చు, ఎక్కడ తీయకూడదు అనేది సిబ్బంది చెప్పినట్టే నడుచుకోవాలి. డ్రోన్ ఆలోచన మాత్రం వద్దే వద్దు.

ప్రత్యేక రోజులు కూడా ఉంటాయి

నిలయంలో అప్పుడప్పుడూ ఉత్సవాలు జరుగుతుంటాయి. 2024 సెప్టెంబర్ 28న ఇక్కడ భారతీయ కళా మహోత్సవ్‌ను రాష్ట్రపతి ప్రారంభించారు. ఆ తొలి విడతలో ఈశాన్య రాష్ట్రాల చేతివృత్తులు, వంటలు, కళలను నగరవాసులకు చూపించారు. శీతాకాల విడిది ముగిశాక పూల ప్రదర్శనలతో ఉద్యాన ఉత్సవం కూడా నిర్వహించారు. ఇలాంటి రోజుల్లో వెళ్తే చూసేవి ఎక్కువ, జనం కూడా ఎక్కువే. ప్రశాంతంగా చూడాలనుకుంటే మంగళ, బుధ, గురువారాల్లో ఉదయం పూట వెళ్లడమే బెస్ట్.

వెళ్లే ముందు రోజు ఈ ఐదూ సరిచూసుకోండి

1. రేపు సోమవారం కాదు కదా? ప్రభుత్వ సెలవు కాదు కదా?
2. స్లాట్ కన్ఫర్మ్ అయ్యిందా? స్క్రీన్‌షాట్ ఫోన్‌లో ఉందా?
3. అందరి గుర్తింపు కార్డులు ఉన్నాయా?
4. మధ్యాహ్నం రెండు లోపు చేరుకునేలా బయల్దేరుతున్నామా?
5. మందులు, టోపీ లేదా గొడుగు, ఫోన్ ఛార్జింగ్ సంగతేంటి?

చివరిగా..

నలుగురున్న ఇంట్లో అందరికీ టికెట్లు తీసినా అయ్యేది రూ.200. మల్టీప్లెక్స్‌లో ఒక్క సినిమా టికెట్ అంత. దానికే ఒక పూటంతా చెట్ల మధ్య గడపొచ్చు, హైదరాబాద్ చరిత్రలో ఒక ముఖ్యమైన పేజీని కళ్లతో చూడొచ్చు.

ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంట్ విడిది చేసిన ఇల్లు ఇది. మామూలు జనం రోడ్డు మీద నుంచి గోడ చూసి వెళ్లిపోవాల్సిందే. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లపాటు ఏడాదికి రెండు వారాలే దొరికేది. ఇప్పుడు వారానికి ఆరు రోజులు గేటు తీసి ఉంటోంది. జనం వస్తుంటేనే ఇలాంటి చోట్లు తెరిచి ఉంచడానికి అర్థం ఉంటుంది. వచ్చే వారాంతం ఖాళీ ఉంటే ఇవాళే ఆ పేజీలో స్లాట్ చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల నక్షత్రం ఏదో అడిగి రాసుకోవడం మర్చిపోవద్దు!